పరిహారము చెల్లించినవాడు వాటా అడుగవచ్చునా?

(ఒక మండల కేంద్రమున జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములకు వచ్చినపుడు మేము సాధారణముగా ఎరువులను గూర్చియో, టీకాలను గూర్చియో, పింఛనులను గూర్చియో మాట్లాడుచుందుము. నేడు మాత్రము కోర్టు కాగితములకు సంబంధించిన యొక విషయమును మీ ముందుంచుచున్నాము. కోర్టు మాట వినగనే "మనకెందుకులే" యని లేవబోకుడు. ట్రాక్టరు గల ఇంటికిని, ఆటో గల ఇంటికిని, బావి త్రవ్వించు ఇంటికిని, కూలీలను పనికి పిలుచు ఇంటికిని ఈ సంగతి ఎప్పుడో యొకప్పుడు అవసరము కావచ్చును.

కొన్ని మాసముల క్రిందట మేమొక గ్రామమున సభ ముగించి, మైకు సామాను వ్యానులో సర్దించుచుండగా ఒక రైతు గుడ్డసంచితో వచ్చి మాయొద్ద నిలుచుండెను. సంచిలో కాగితములు. "అయ్యగారూ, తప్పు ఇద్దరిదైనపుడు సొమ్ము ఒక్కడే కట్టవలెనా?" యని ఆతడు మమ్మడిగెను. ఆ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు మూలము.

ఆతని కథ యిది. ఆతనికి సొంత ట్రాక్టరు కలదు. మిరప కోతలకు కూలీలను ట్రాలీలో ఎక్కించుకొని ఆతని డ్రైవరు పొరుగూరికి పోయెను. చీకటి పడిన పిమ్మట తిరిగివచ్చుచుండగా వెనుకనుండి ఒక లారీ మిక్కిలి వేగముగా వచ్చి ట్రాలీని ఢీకొన్నది. ఒక కూలి స్త్రీ మరణించినది. ఆమెకు ఇద్దరు బిడ్డలు. లారీ వేగము ఎంత తప్పో, ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపము లేకుండుటయు అంత తప్పే. దానికితోడు ట్రాక్టరు బీమా గడువు రెండు మాసములకు ముందే తీరిపోయినది.

మృతురాలి భర్త ట్రాక్టరు యజమానిపై మాత్రమే దావా వేసెను. ఈతడు ఊరివాడు, కంటికి కనబడువాడు. లారీ యజమాని వేరొక జిల్లావాడు. ఊరి పెద్దలు నచ్చజెప్పిరి. "తల్లి లేని పిల్లలు, కోర్టుల చుట్టు త్రిప్పవలదు" అనిరి. రైతు సరేయనెను. లోక్ అదాలతులో 9 లక్షల రూపాయలకు రాజీ కుదిరినది. ఎకరము పొలము అమ్మి, చాలనిది అప్పు తెచ్చి, మొత్తము చెల్లించెను. పిమ్మట లారీ యజమాని యొద్దకు పోయి, "నీ వంతు నీవిమ్ము" అని అడిగెను. దానికి ఆ యజమాని, "రాజీపడినవాడవు నీవు, సంతకము పెట్టినవాడవు నీవు, ఆ కాగితములో నా పేరెక్కడున్నది?" అని పంపివేసెను.

ఇందులో ఎవరి పక్షమున న్యాయమున్నది? దీనిని మనము మూడు మెట్లుగా చూతము. బాధితుల హక్కు మొదటి మెట్టు. చెల్లించినవాని హక్కు రెండవ మెట్టు. రాజీ సమయమున వహింపవలసిన జాగ్రత్త మూడవ మెట్టు.

మొదటి మెట్టు. ఇద్దరు ముగ్గురి అజాగ్రత్త కలిసి, ఏ తప్పును చేయని యొకనికి హాని కలిగినయెడల, ఆ బాధితుడు తన పరిహారము మొత్తమును వారిలో ఎవరియొద్దనైనను వసూలు చేసికొనవచ్చును. "నా తప్పు మూడవ వంతే గనుక నేను మూడవ వంతే ఇత్తును" అని ఆ ఒక్కడు బాధితునితో వాదింప వీలులేదు. ఇది మన సుప్రీంకోర్టు పలు తీర్పులలో స్థిరపరచిన సూత్రము. బాధితుని తప్పు కూడ ప్రమాదమునకు కొంత కారణమైనపుడు మాత్రము ఆతని వంతు మేరకు పరిహారము తగ్గును. ఈ రెంటికిని గల భేదమును సుప్రీంకోర్టు 2008లో విశదముగా చెప్పియున్నది.

ఈ సూత్రము కఠినముగా తోచవచ్చును. కాని మరణించిన తల్లి పక్షమున నిలిచి చూడుడు. ఎవరి తప్పు ఎంత పాలు అని తేల్చుట ఆ పసిపిల్లల పని కాదు. ట్రాక్టరు వాని కొరకు ఒక ఊరు, లారీ వాని కొరకు ఇంకొక జిల్లా వారు తిరుగవలసిన అవసరము లేదు. తప్పు చేసినవారు తమలో తాము ఎంతకాలమైనను తగవులాడుకొనవచ్చును. ఆ తగవు తీరువరకు బాధితులు పస్తుండరాదు. కావున ఆ కుటుంబమునకు మొత్తము చెల్లించుట ఆ రైతు చేసిన పొరపాటు కాదు. ఆతడు ధర్మమే చేసెను. ఆ సొమ్మును వారినుండి తిరిగి అడుగు ప్రసక్తియు లేదు.

రెండవ మెట్టు. చెల్లించినవాని గతి యేమి? పూర్వకాలమున ఇంగ్లండులో దీనికి చాల కఠినమైన సమాధానముండెను. 1799లో అచట ఒక వ్యాజ్యము నడచినది. ఒక మిల్లునకును, అందలి యంత్రములకును నష్టము కలిగించిరని ఇద్దరిపై తీర్పై, 840 పౌండ్ల పరిహారము విధింపబడెను. ఆ మొత్తమంతయు ఇద్దరిలో ఒక్కని యొద్దనే వసూలాయెను. ఆతడు రెండవవానిపై సగము కొరకు దావా వేయగా, ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కెన్యన్ ఆ దావా చెల్లదనెను. తప్పు చేసినవారు తమలో వాటాలు పంచుకొనుటకు కోర్టు సాయము చేయదని ఆ తీర్పు సారాంశము. అనగా ఎవడు ముందు చిక్కిన వాడే మునుగును. రెండవవాడు ఒడ్డున కూర్చుండును.

ఈ నియమము న్యాయముగా లేదని ఆ దేశమువారే గ్రహించిరి. 1935లో చట్టము చేసి వాటా రాబట్టుకొను హక్కును కల్పించిరి. 1978లో మరియొక చట్టము చేసి ఆ హక్కును విస్తరించిరి. సద్బుద్ధితో రాజీపడి సొమ్ము చెల్లించినవాడును ఇతరులనుండి వాటా కోరవచ్చునని ఈ రెండవ చట్టము స్పష్టపరచినది.

మన దేశమున ఇందుకై అటువంటి ప్రత్యేక చట్టము లేదు. న్యాయస్థానముల తీర్పులే మనకు ఆధారము. 1799 నాటి ఆ ఇంగ్లీషు నియమము మన దేశమునకు వర్తింపదని అలహాబాదు హైకోర్టు పూర్ణ ధర్మాసనము 1951లోనే పలికినది. తెలిసి తెలిసి దుర్మార్గమునకు ఒడిగట్టినవానికి కోర్టులు చేయూతనీయకపోవచ్చును. అజాగ్రత్త వలన జరిగిన హాని విషయము వేరు. అందు ఒకడు అందరి భారమును మోసినపుడు తక్కినవారు తమ పాలు ఇచ్చుటయే న్యాయము.

ఈ విషయమున 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు మిక్కిలి ఉపయోగకరము. ఒక బస్సును, ఒక ట్రెయిలరు లారీయు ఢీకొనగా కొందరు గాయపడిరి. లారీ తప్పు మూడింట రెండు వంతులు, బస్సు తప్పు మూడింట ఒక వంతు అని ట్రిబ్యునలు తేల్చినది. బస్సు బీమా కంపెనీ బాధితులకు మొత్తము చెల్లింపవలసినదేయని సుప్రీంకోర్టు నిర్ణయించినది. అట్లు చెల్లించిన పిమ్మట, లారీ యజమాని పాలైన మూడింట రెండు వంతులను, అదే కేసులో అమలు దరఖాస్తు ద్వారా రాబట్టుకొనవచ్చునని చెప్పినది. అందుకై మరల క్రొత్త దావా అక్కరలేదు.

కాని ఆ తీర్పులోనే ఇంకొక మాట యున్నది. దానిని మీరు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలెను. రెండవ తప్పుదారు ఆ కేసులో పార్టీగా లేకున్నను, ఎవరి తప్పు ఎంతయో తేలకున్నను, అమలు దరఖాస్తు సరిపోదు. చెల్లించినవాడు వేరుగా దావా వేసి, సాక్ష్యము చూపి, రెండవవాని పాలు నిరూపింపవలెను.

ఇప్పుడు మన రైతు సంగతికి వత్తము. ఆతని తప్పు మూడవ వంతు, లారీ తప్పు రెండు వంతులు అని తేలెననుకొందము. 9 లక్షలలో ఆతని వంతు 3 లక్షలు. లారీవాని వంతు 6 లక్షలు. ఆ 6 లక్షలు అడుగు హక్కు ఆతనికి పోలేదు. కాని లారీ యజమాని కేసులో లేడు. వాటాలు తేలలేదు. కావున కొన్ని కాగితములతో సులభముగా ముగియవలసిన పని, సాక్షులతోను వాయిదాలతోను కూడిన ప్రత్యేక దావాగా మారినది.

వాటా అడుగుట ఒకటి, మొత్తము తిరిగి అడుగుట వేరొకటి. లాయర్లు మొదటిదానిని కాంట్రిబ్యూషన్ అందురు. రెండవదానిని ఇండెమ్నిటీ అందురు. "ఈ పనివలన నీకు నష్టము వచ్చినచో నేను భరింతును" అని ఒకడు ముందుగనే ఒప్పందము చేసికొనియున్నయెడల, వాటా ప్రశ్న లేదు. నష్టమంతయు ఆతనినుండి రాబట్టవచ్చును. ఒక రైతు బావి త్రవ్వుట ఒక కాంట్రాక్టరునకు ఒప్పగించెననుకొందము. గోతికి కంచె కట్టుట తన బాధ్యతయనియు, ప్రమాదము జరిగిన నష్టము తానే భరింతుననియు కాంట్రాక్టరు వ్రాసియిచ్చెను. కంచె లేక ఒక బాటసారి పడి కాలు విరిగినది. బాటసారి రైతుపై దావా వేసెను. రైతు రాజీపడి చెల్లించెను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 125వ సెక్షను ప్రకారము, రైతు రాజీలో చెల్లించిన సొమ్మును కూడ కాంట్రాక్టరునుండి రాబట్టవచ్చును. దీనికి రెండు షరతులు కలవు. ఆ రాజీ కాంట్రాక్టరు ఆజ్ఞకు విరుద్ధముగా జరిగియుండరాదు. అటువంటి పూచీ లేకున్నను వివేకముగలవాడు చేసికొనదగిన రాజీగా అది యుండవలెను. ఒరులు ఇత్తురుగదాయని ఉదారముగా అంకె పెంచుట కూడదని భావము.

బీమా విషయమునను ఒక మాట. డ్రైవరునకు సరియైన లైసెన్సు లేకుండుట వంటి లోపమున్నపుడు బీమా కంపెనీ బాధితునికి ముందుగా చెల్లించి, పిమ్మట ఆ సొమ్మును వాహన యజమాని యొద్ద వసూలు చేసికొనునట్లు ట్రిబ్యునళ్లు ఆదేశింపవచ్చునని సుప్రీంకోర్టు 2004లో తెలిపినది. కావున "బీమా ఉన్నది, కంపెనీ చూచుకొనును" అని లైసెన్సు లేనివాని చేతికి తాళపుచెవి ఇచ్చువారు, ఆ సొమ్ము తిరిగి తమ గడపకే రావచ్చునని తెలిసికొనవలెను. సేద్యపు ట్రాలీలో మనుష్యులను ఎక్కించినపుడును బీమా కంపెనీలు తరచుగా అభ్యంతరము చెప్పుచుండును.

మూడవ మెట్టు, రాజీ సమయమున జాగ్రత్తలు. రాజీని మేము ఎంతమాత్రము వలదనము. రాజీ వలన బాధితునికి సొమ్ము శీఘ్రముగా అందును. ఊరిలో పగలు చల్లారును. లోక్ అదాలతు తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అందుచేతనే సంతకమునకు ముందు ఆలోచన అవసరము. సంతకము తరువాతి ఆలోచన వలన ప్రయోజనము స్వల్పము.

ఒకటి: దావా నోటీసు అందగనే, ఈ ప్రమాదమున ఇంకెవరి తప్పైనను కలదాయని చూడుడు. ఉన్నయెడల వారిని కూడ కేసులో చేర్చవలసినదిగా మీ లాయరు ద్వారా కోరుడు. వారి వాహనమునకు బీమా కలదేమో కనుగొనుడు. కేసులో ఉన్నవాని వాటా తేల్చుట సులభము. లేనివాని వాటా తేల్చుట కష్టము.

రెండు: మీకు బీమా ఉన్నచో, కంపెనీకి వెంటనే తెలియజేయుడు. వారి వ్రాతపూర్వకమైన అంగీకారము లేక తప్పు ఒప్పుకొనుట గాని, సొమ్ము ఇచ్చెదనని మాట యిచ్చుట గాని మోటారు పాలసీ షరతులకు విరుద్ధము. మంచితనమునకు పోయి మాట యిచ్చి బీమాను పోగొట్టుకొనరాదు.

మూడు: రాజీకి ముందు రెండవ పక్షమునకు రిజిస్టరు తపాలాలో నోటీసు ఇండు. "ఇంత మొత్తమునకు రాజీ జరుగనున్నది, మీరును వచ్చి పాల్గొనుడు, రానియెడల మీ వాటా కొరకు మీపై చర్య తీసికొందుము" అని వ్రాయుడు. రాకున్నను ఆ నోటీసు మీకు సాక్ష్యము. తమకు తెలియకుండ రాజీ జరిగినదని వారు పిమ్మట చెప్పజాలరు.

నాలుగు: మీరు ఇచ్చునది మీ వాటాయా, అందరి మొత్తమా యన్నది పత్రములో స్పష్టముగా వ్రాయింపుడు. మీ వాటా మాత్రమే ఇచ్చి రాజీపడుటయు కలదు. ఒకనితో రాజీపడినంత మాత్రమున, బాధితునికి పూర్తి పరిహారము అందనియెడల, తక్కినవారు విముక్తులు కారని సుప్రీంకోర్టు 1969లోనే తీర్పుచెప్పినది. అట్లుకాక అందరి తరఫున మొత్తము చెల్లించుచో, బాధితుని హక్కు సంపూర్ణముగా తీరినదనియు, ఇతరులనుండి వాటా రాబట్టుకొను మీ హక్కు మీకే మిగిలియున్నదనియు వ్రాయింపుడు.

ఐదు: "తప్పంతయు నాదే" అను వాక్యమును కన్నులు మూసికొని అంగీకరింపకుడు. మన రైతు సంచిలోని రాజీపత్రమును మేము చదివినపుడు మా మనస్సు చివుక్కుమన్నది ఈ వాక్యము వద్దనే. "ప్రమాదము పూర్తిగా ట్రాక్టరు డ్రైవరు అజాగ్రత్త వలననే జరిగినది" అని అందు వ్రాసియున్నది. ఎవరు వ్రాసిరో ఆతనికి తెలియదు. చదివి వినిపించిరాయని మేమడుగగా, "ఆ పూట ఆ పిల్లల ముఖము చూచుచు సంతకము పెట్టితిని, అయ్యగారూ" అనెను. లారీ యజమాని లాయరు మొట్టమొదట చూపునది ఆ వాక్యమునే. చేసిన తప్పును దాచవలదు. చేయని తప్పును నెత్తికెత్తుకొనవలదు.

ఆరు: సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లింపుడు, రసీదు తీసికొనుడు. మొదటి సమాచార నివేదిక, పోలీసు పంచనామా, అభియోగపత్రము, వాహన తనిఖీ నివేదిక, ఆసుపత్రి కాగితములు, ఫోటోల నకళ్లను భద్రపరచుడు. రాజీ మొత్తము సబబైనదని చూపుటకు మృతుని వయస్సు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య తెలుపు కాగితములును ఉండవలెను.

ఏడు: కాలము మీ కొరకు ఆగదు. ఇటువంటి దావాలకు సాధారణముగా సొమ్ము చెల్లించిన నాటినుండి 3 సంవత్సరముల గడువు. లారీవాడు నేడిచ్చును రేపిచ్చునని తిరుగుచు గడువు దాటనిచ్చినవారికి, ఎంత న్యాయమున్నను కోర్టు తలుపు మూసికొనవచ్చును.

ఇవన్నియు ఒంటరిగా చేసికొనుట మీకు కష్టము. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లాలోను కలదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి అచట ఉచితముగా లాయరు సాయము లభించును. 15100 అను నంబరునకు ఫోను చేసియు సలహా పొందవచ్చును. సంతకము పెట్టుటకు ముందు ఒక్క పూట అచటికి పోయి కాగితము చూపుడు.

ఆ రైతును మేము జిల్లా కేంద్రమునకు పంపితిమి. సొమ్ము చెల్లించి అప్పటికి రెండు సంవత్సరముల పైబడినది. అయినను గడువు మిగిలియే యున్నది. దావా వేయబడినది. ట్రాలీని వెనుకనుండి ఢీకొన్నట్లు చూపు వాహన తనిఖీ నివేదిక ఆతనికి అండ. రాజీపత్రములోని ఆ ఒక్క వాక్యము ఆతనికి అడ్డు. తీర్పు ఇంకను రాలేదు. ఎట్లు వచ్చునో మేము చెప్పజాలము. అమ్మిన ఎకరము తిరిగి వచ్చునని ఆశ చూపుటకును మాకు నోరు రాలేదు.

కాని సెలవు తీసికొనుచు ఆతడు పలికిన మాట మేము మరువజాలకున్నాము. "ఆ బిడ్డలకు ఇచ్చినదానికి నాకు విచారము లేదు. ఆ లారీవాడు ఏమియు ఇవ్వకుండ నిద్రపోవుటయే నాకు విచారము" అనెను. సోదరులారా, చట్టము చెప్పదలచినదియు ఇదియే. ముందు బాధితునికి పరిహారము. పిమ్మట తప్పుదారుల మధ్య పంపకము. మొదటిదానిని ఆలస్యము చేయుట పాపము. రెండవదానిని విడిచిపెట్టుట అవివేకము.

చివరగా ఒక మనవి. ఈ రాత్రి ఇంటికి పోయిన పిమ్మట, ట్రాక్టరు గలవారందరు రెండు పనులు చేయుడు. బీమా కాగితము తీసి గడువు తేదీ చూడుడు. ట్రాలీ వెనుకకు పోయి ఎఱ్ఱదీపము వెలుగుచున్నదో లేదో చూడుడు. దీపము వెలిగినచో ఈ ప్రసంగములోని తక్కిన మాటలతో మీకు పని పడకపోవచ్చును. అట్లే జరుగుగాకయని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.